బీటిల్స్ పాటల్లో చిక్కుముడులు విప్పడం ఎలా?

“ఆ పాటకి అసలు అర్థం ఏమిటి?” బీటిల్స్ వినడం మొదలుపెట్టిన మిత్రులందరూ ఏదో ఒక రోజు నన్ను అడిగే ప్రశ్న ఇది. బీటిల్స్ అంటే 1960ల నాటి లివర్‌పూల్ రాక్ బృందం: జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్. వాల్రస్ ఎవరు? ఆకాశంలో లూసీ ఎవరు? పాల్ చనిపోయాడని పాటల్లోనే దాచి చెప్పారట, నిజమేనా?

ఒక్కో పాటకి జవాబు చెప్పుకుంటూ పోయేకంటే, ఎలా వెతకాలో చెప్పడం మేలనిపించింది. నేను పాటించే పద్ధతి మొత్తం కింద వరుసగా రాస్తున్నాను. దయచేసి వరుస మాత్రం మార్చకండి. ముందు మాట, తర్వాత తేదీ, ఆపైన మామూలు అర్థం, ఆ తర్వాత మూలం, అన్నిటికన్నా చివర మీ ఊహ. చాలామంది ఊహతో మొదలుపెట్టి, దానికి సరిపోయే మాటలు పాటలోంచి ఏరుకుంటారు. అలా ఏరితే ఏ పాటలోనైనా ఏదైనా దొరుకుతుంది.

1. ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఒకసారికి ఒక్క పాటే తీసుకోండి. ఆల్బమ్ మొత్తం ఒకేసారి పెట్టుకుంటే ఒక పాటలో దొరికిన క్లూ ఇంకో పాట మీదికి పాకుతుంది.

నోట్‌బుక్‌లో ఒక పేజీని నాలుగు గళ్లుగా గీసుకోండి. మొదటి గడిలో “నేను విన్నది”, రెండో గడిలో “అచ్చులో ఉన్నది”, మూడో గడిలో “తెలిసిన సంగతి”, నాలుగో గడిలో “నా ఊహ”. ఈ నాలుగూ కలిసిపోకుండా చూసుకోవడమే ఈ పనిలో అసలు కష్టం. మూడో గడిలో రాసే ప్రతి సంగతికీ పక్కన అది ఎక్కడ చదివారో, ఎవరు చెప్పారో కూడా రాయండి.

- మంచి హెడ్‌ఫోన్స్ (ఫోన్ స్పీకర్‌లో వెనక వినిపించే గొంతులు పట్టుకోలేం)
- నోట్‌బుక్, రెండు రంగుల పెన్నులు
- బ్రిటిష్ ఇంగ్లిష్ వాడుక మాటలున్న డిక్షనరీ
- ఏ రికార్డింగ్ వింటున్నారో రాసుకున్న చీటీ: మోనోనా (రెండు చెవులకీ ఒకే శబ్దం), స్టీరియోనా (రెండు చెవులకీ వేర్వేరు శబ్దాలు), తర్వాత చేసిన రీమిక్సా

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఒకే పాట మోనో మిక్స్‌కీ, స్టీరియో మిక్స్‌కీ తేడాలున్న సందర్భాలు బీటిల్స్ విషయంలో చాలా ఉన్నాయి. ఇద్దరు మిత్రులు గంటసేపు వాదించుకుని, చివరికి వేర్వేరు మిక్స్‌లు విన్నామని తెలుసుకోవడం నేను చూశాను.

2. సాహిత్యం చూడకుండా మూడుసార్లు వినండి

మొదటిసారి ఊరికే వినండి. రెండోసారి వినిపించింది వినిపించినట్టు రాయండి. మూడోసారి అనుమానం ఉన్న చోట్ల సున్నా చుట్టండి. అర్థం కాని చోట ఖాళీ వదిలేయండి, ఊహించి నింపకండి.

మన చెవికి లివర్‌పూల్ యాస కొత్త. అయితే తప్పుగా వినడానికి మనమే కానక్కర్లేదు. బాబ్ డిలన్ అంతటివాడు 1964లో బీటిల్స్‌ని కలిసినప్పుడు వాళ్లు గంజాయి తాగనివాళ్లని తెలిసి ఆశ్చర్యపోయాడు. “ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్” పాటలో “ఐ కాంట్ హైడ్” అన్న మాట అతనికి “ఐ గెట్ హై” అని వినిపించింది మరి. దాచుకోలేకపోతున్నాను అన్నది కాస్తా మత్తెక్కుతోంది అయిపోయింది. ఒక్క మాట తప్పుగా విన్నందుకు పాటకే కాదు, నలుగురు మనుషులకి కూడా వేరే అర్థం వచ్చింది.

3. సరైన మాటలు తేల్చుకోండి

ఇప్పుడు అచ్చులో ఉన్న సాహిత్యం తెరవండి. 1967లో వచ్చిన “సార్జెంట్ పెప్పర్” ఆల్బమ్‌కి వెనక అట్ట మీదే పాటల సాహిత్యం అచ్చువేశారు. అప్పట్లో రాక్ ఆల్బమ్‌లకి అది కొత్త. ఆ పాటలకి అది మొదటి ఆధారం.

మిగతా పాటల్లో చాలావాటికి మనం ఇంటర్నెట్‌లో చూసే సాహిత్యం చాలావరకు ఒకరిది చూసి ఒకరు ఎక్కించినది. పది సైట్లలో ఒకే మాట కనిపిస్తే పది సాక్ష్యాలు దొరికాయనుకోకండి, ఒకటే తప్పు పదిసార్లు కాపీ అయి ఉండొచ్చు. మీరు విన్నదానికీ, అచ్చుకీ తేడా వచ్చిన చోట మళ్లీ ఆ నాలుగు సెకన్లు వినండి.

“స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్” చివర్లో లెనన్ గొణిగిన రెండు మాటలు దీనికి మంచి పాఠం. “ఐ బరీడ్ పాల్”, అంటే “పాల్‌ని పూడ్చిపెట్టాను” అంటున్నాడని 1969లో వేలమంది నమ్మారు. అక్కడ ఉన్నది “క్రాన్‌బెరీ సాస్” అని లెనన్ తర్వాత చెప్పాడు. 1996లో “ఆంథాలజీ 2” అనే పాత రికార్డింగుల సంకలనం విడుదలైనప్పుడు అదే పాట వేరే టేక్‌లో, అంటే ఇంకోసారి పాడి రికార్డ్ చేసినదానిలో, ఆ మాట స్పష్టంగా వినిపించింది. అనుమానం ఉన్న చోట వేరే టేక్ దొరుకుతుందేమో వెతకండి. ఎంతమంది వాదనకన్నా ఒక్క టేక్ ఎక్కువ పని చేస్తుంది.

4. మూడు తేదీలు రాసుకోండి

రాసిన తేదీ, రికార్డ్ చేసిన తేదీ, విడుదలైన తేదీ. మూడూ వేరు. కనీసం నెల, సంవత్సరం రాయండి.

“లెట్ ఇట్ బి” ఆల్బమ్ 1970 మే నెలలో, బృందం విడిపోయిన వార్త వచ్చాక విడుదలైంది. అందుకే అందులో ప్రతి లైనులో వీడ్కోలు వినిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డ్ అయింది. “యాబీ రోడ్” ఆల్బమ్ పని చాలావరకు ఆ తర్వాతే జరిగింది. వీడ్కోలు అర్థం పూర్తిగా తప్పని నేననను, గొడవలు అప్పటికే మొదలయ్యాయి. అయితే విడుదల తేదీని పట్టుకుని చేసే వాదన మాత్రం నిలవదు.

మనవాళ్లు ఎక్కువగా పడే గొయ్యి ఇంకోటుంది. “అక్రాస్ ద యూనివర్స్” పాటలో “జై గురుదేవ” అని వినగానే అది రిషికేశ్‌లో పుట్టిన పాట అనుకుంటాం. లెనన్ రిషికేశ్ వచ్చింది 1968 ఫిబ్రవరి మధ్యలో. పాట రికార్డింగ్ మొదలైంది అదే నెల 4న, లండన్‌లో. రిషికేశ్‌లో వాళ్లకి ధ్యానం నేర్పిన మహర్షి మహేశ్ యోగి పరిచయం 1967 ఆగస్టు నాటిది కాబట్టి ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. గురుదేవ అంటే మహర్షికి గురువైన బ్రహ్మానంద సరస్వతి. ఇది తెలుసుకోవడం మనకి ఒక ఇంగ్లిష్ అభిమానికన్నా తేలిక.

అదే సమయంలో మన సొంత వాసన తగిలిందని తొందరపడకూడదు కూడా. జార్జ్ హారిసన్ “ది ఇన్నర్ లైట్” పాటకి వాద్యాలన్నీ 1968 జనవరిలో బొంబాయిలో భారతీయ కళాకారులతో వాయించి రికార్డ్ చేశారు. వింటే ఉపనిషత్తుల్లోంచి తీసుకున్నదే అనిపిస్తుంది. కానీ ఆ మాటలు చైనా గ్రంథం “తావో తె చింగ్” 47వ అధ్యాయానివి.

తేదీలతోపాటు ఎవరు రాశారో కూడా రాసుకోండి. లెనన్, మెకార్ట్నీ ఇద్దరిలో ఎవరు రాసినా పేరు మాత్రం ఇద్దరిదీ వేసుకునేవారు. చాలావరకు ప్రధాన గొంతు ఎవరిదైతే ఆ పాటలో పెద్ద వాటా వాళ్లదే. దీనికీ మినహాయింపులున్నాయి, కాబట్టి దీన్ని మొదటి అంచనాగానే వాడండి.

5. మాటకి మామూలు అర్థం ముందు చూడండి

గూఢార్థం వెతికే ముందు ఆ ఊళ్లో ఆ మాటని ఎలా వాడతారో చూడాలి. వాచ్యార్థం తేలకుండా వ్యంగ్యార్థం తేలదని మనకి పద్యపాఠాల్లోనే నేర్పారు కదా.

“పెన్నీ లేన్” పాటలో నర్సు పళ్లెంలో పాపీ పూలు అమ్ముతుంటుంది. పాపీ అనగానే నల్లమందు గుర్తొచ్చి, పాట మొత్తం మత్తు గురించేనని చెప్పినవాళ్లున్నారు. బ్రిటన్‌లో ఏటా నవంబరులో, యుద్ధాల్లో చనిపోయిన సైనికుల జ్ఞాపకంగా ఎర్రటి కాగితపు పాపీ పూలు అమ్ముతారు. పళ్లెం పట్టుకుని వీధి మలుపులో నిలబడి అమ్మడం అక్కడ మామూలు దృశ్యం.

“స్ట్రాబెరీ ఫీల్డ్” లివర్‌పూల్‌లో లెనన్ పెరిగిన ఇంటికి దగ్గర్లో సాల్వేషన్ ఆర్మీ నడిపిన అనాథ పిల్లల ఆశ్రమం. “హెల్టర్ స్కెల్టర్” అంటే బ్రిటన్ తిరనాళ్లలో కనిపించే, గోపురం చుట్టూ మెలికలు తిరుగుతూ కిందికి దిగే జారుడుబల్ల. పైకెక్కడం, జారడం, మళ్లీ పైకెక్కడం. పాటలో మాటలు అచ్చం అవే.

- ఈ మాట ఊరి పేరా, వీధి పేరా, దుకాణం పేరా?
- పిల్లల ఆటల్లో, పాటల్లో ఉన్న మాటా?
- అమెరికాలో ఒక అర్థం, బ్రిటన్‌లో మరో అర్థం ఉందా?
- 1960ల్లో ఉన్న అర్థం ఇప్పుడు మారిందా?

6. మూలం కోసం వెతకండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. చాలా సార్లు చిక్కుముడి వెనక ఒక కాగితం ముక్క ఉంటుంది.

“బీయింగ్ ఫర్ ద బెనిఫిట్ ఆఫ్ మిస్టర్ కైట్” పాటలో గుర్రం పేరు హెన్రీ. గుర్రం, హెన్రీ రెండూ హెరాయిన్‌కి వాడే రహస్య పదాలని, పాట అంతా దాని గురించేనని ప్రచారం జరిగింది. నిజానికి లెనన్ 1967 జనవరిలో కెంట్ ప్రాంతంలోని సెవెనోక్స్‌లో ఒక పాత వస్తువుల దుకాణంలో 1843 నాటి సర్కస్ పోస్టర్ కొన్నాడు. పాబ్లో ఫాంక్ సర్కస్‌ది. పాటలో పేర్లు, విన్యాసాలు చాలావరకు దాని మీద ఉన్నవే.

ఇక్కడితో ఆగకండి. పోస్టర్‌నీ, పాటనీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూడండి. పోస్టర్‌లో గుర్రం పేరు జాంథస్, ప్రదర్శన జరిగిన ఊరు రోచ్‌డేల్. పాటలో గుర్రం హెన్రీ అయింది, ఊరు బిషప్స్‌గేట్ అయింది. కవి పని కనిపించేది ఆ మార్పుల్లోనే. మీ వ్యాఖ్యానం అక్కడ మొదలవ్వాలి.

“ఎ డే ఇన్ ద లైఫ్” కూడా ఇలాంటిదే. బ్లాక్‌బర్న్‌లో నాలుగు వేల గుంతలు అన్నది సూది గుచ్చుకున్న గుర్తులని కొందరు వాదించారు. 1967 జనవరి 17 నాటి డెయిలీ మెయిల్ పత్రికలో, బ్లాక్‌బర్న్ రోడ్ల మీద 4,000 గుంతలున్నాయని ఒక చిన్న వార్త వచ్చింది. లెనన్ ముందు ఆ పేపర్ ఉంది. 1966 డిసెంబరు 18న కారు ప్రమాదంలో చనిపోయిన మిత్రుడు టారా బ్రౌన్ గురించిన వార్త కూడా అదే సంచికలో వచ్చింది.

మూలం దొరికితే పాట అయిపోయినట్టు కాదు. చావు వార్త, గుంతల వార్త ఒకే పేపర్లో రావడం, రెండిటినీ ఒకే గొంతుతో చదివేయడం, అదే నాకు ఆ పాటలో గుండె పిండే విషయం. ఆ మాట నేను పేపర్ సంగతి తెలిశాకే ధైర్యంగా అనగలిగాను.

7. రాసినవాళ్ల మాటలు ఎలా తీసుకోవాలి

రాసినవాడు చెప్పాడంటే ఇక తిరుగు లేదనుకోకండి. అలాగని కొట్టిపారేయకండి. ప్రతి ఇంటర్వ్యూకీ మూడు సంగతులు రాసుకోండి: ఎవరు చెప్పారు, పాట వచ్చిన ఎన్నేళ్లకి చెప్పారు, అప్పుడు నిజం చెప్పడం వల్ల వాళ్లకి ఇబ్బంది ఏమైనా ఉందా.

“లూసీ ఇన్ ద స్కై విత్ డైమండ్స్” పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ఎల్ఎస్‌డీ అనే మత్తుమందు పేరు వస్తుంది. అది ఉద్దేశం కాదని లెనన్ చివరిదాకా చెప్పాడు. కొడుకు జూలియన్ బడి నుంచి తెచ్చిన బొమ్మకి, తన క్లాస్‌మేట్ లూసీ పేరుతో పెట్టిన పేరు అది. ఆ బొమ్మ నిజంగానే ఉంది. 2004లో మెకార్ట్నీ మాత్రం, ఆ పాట మీద మత్తుమందు ప్రభావం ఉన్న సంగతి తెలిసిపోతూనే ఉంది కదా అన్నట్టు మాట్లాడాడు.

రెండు మాటలూ ఒకేసారి నిజం కావచ్చు. పేరు బొమ్మ నుంచి వచ్చింది, లోపలి దృశ్యాలు మరోచోటి నుంచి వచ్చాయి. నేను నా నోట్‌బుక్‌లో పేరుకి ఒక వరుస, దృశ్యాలకి ఇంకో వరుస పెట్టుకున్నాను.

కొన్ని లైన్లకి రాసినవాళ్ల దగ్గరే అర్థం ఉండదు. “హే జూడ్” పాటలో, నీకు కావాల్సిన కదలిక నీ భుజం మీదే ఉంది అనే లైను మెకార్ట్నీ తాత్కాలికంగా పెట్టుకున్నది. మార్చేస్తానని అంటే, అదే పాటలో అన్నిటికన్నా మంచి లైను, ఉంచెయ్ అన్నాడు లెనన్. అలాంటి చోట “రహస్యం” వెతికితే దొరకదు. ఆ లైను మీకు ఏం చేస్తోందో రాయండి, చాలు.

8. ఇప్పుడు మీ ఊహ రాయండి, వెంటనే పరీక్షించండి

నాలుగో గడిలో ఒకే ఒక్క వాక్యం రాయండి. “ఈ పాట ఫలానా దాని గురించి, ఎందుకంటే ఫలానా లైన్లు” అని. తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి.

- ఈ ఊహకి సరిపోని లైన్లు ఎన్ని? వాటిని నేను వదిలేశానా?
- ఇదే పద్ధతి ఇంకో పాట మీద వాడితే అక్కడా ఇదే అర్థం వస్తుందా?
- ఇంతకన్నా మామూలు కారణం ఏదైనా ఉందా?
- ఏ ఆధారం దొరికితే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను?

నాలుగో ప్రశ్నకి జవాబు లేకపోతే ఆ ఊహని పక్కన పెట్టేయండి.

“పాల్ చనిపోయాడు” కథ మీద ఈ ప్రశ్నలు ప్రయోగించి చూడండి. 1969 అక్టోబరు 12న డెట్రాయిట్‌లోని డబ్ల్యూకేఎన్ఆర్ రేడియోకి ఒక శ్రోత ఫోన్ చేసి క్లూలు చెప్పాక ఇది దేశమంతా పాకింది. నవంబరు 7 సంచికలో లైఫ్ పత్రిక స్కాట్లాండ్ పొలంలో కుటుంబంతో ఉన్న పాల్ ఫొటోలు వేసింది. అయినా చాలామంది నమ్మడం మానలేదు.

వాళ్ల గట్టి క్లూల్లో ఒకటి “యాబీ రోడ్” అట్ట మీద నిలిపి ఉన్న ఫోక్స్‌వ్యాగన్ కారు నంబరు. దాన్ని “28 ఇఫ్” అని చదివారు, అంటే బతికుంటే పాల్‌కి 28 ఏళ్లు అని. మూడో ప్రశ్న వేద్దాం. ఆ ప్లేటు మీద ఉన్నది ఎల్ఎండబ్ల్యూ 281ఎఫ్. వాళ్లు “ఐ” అనుకున్నది ఒకటి అంకె. చివరి “ఎఫ్” 1967 ఆగస్టు నుంచి 1968 జులై దాకా బ్రిటన్‌లో రిజిస్టరైన కార్లకి ఇచ్చిన అక్షరం. పైగా పాల్ పుట్టింది 1942 జూన్ 18న, ఆల్బమ్ వచ్చిన 1969 సెప్టెంబరులో అతనికి 27 ఏళ్లే. ఈ లెక్క చూపిస్తే నమ్మేవాళ్లు, కడుపులో గడిపిన నెలలు కూడా కలపాలన్నారు. తప్పని తేలినప్పుడల్లా కొలబద్దని మార్చుకునే ఊహ దగ్గర మీరు టైమ్ వృథా చేసుకోకండి.

9. వెనక్కి తిప్పి వినడం

బీటిల్స్ నిజంగానే టేపులు తిరగేసి వాడారు. 1966లో వచ్చిన “రెయిన్” చివర లెనన్ గొంతు తిరగేసినదే. కాబట్టి ఈ పని మొత్తం పిచ్చి కాదు.

పద్ధతి మాత్రం కచ్చితంగా పాటించాలి. “రెవల్యూషన్ 9” లోని “నంబర్ నైన్” అన్న మాటని తిరగేస్తే ఏం వినిపిస్తుందో ముందే చదివి వింటే మీకూ అదే వినిపిస్తుంది. ఏమీ తెలియని మిత్రుడికి వినిపించి, విన్నది కాగితం మీద రాయమనండి. ముగ్గురు విడివిడిగా ఒకే మాట రాస్తే అప్పుడు ఆలోచిద్దాం.

10. ఒక పాట మొదటి నుంచి: “ఐ యామ్ ద వాల్రస్”

విన్నది: పేర్లు, తిట్లు, జంతువులు, చివర్లో ఎవరో నాటకం చదువుతున్న గొంతులు.

తేదీ: 1967 సెప్టెంబరులో రికార్డింగ్, నవంబరులో విడుదల. గొంతు లెనన్‌ది.

నేపథ్యం: లెనన్ చదివిన క్వారీ బ్యాంక్ స్కూలు నుంచి ఒక విద్యార్థి ఉత్తరం రాశాడు. మా క్లాసులో బీటిల్స్ పాటలకి అర్థాలు చెప్పిస్తున్నారని. ఆ ఉత్తరం చూశాక, ఎవరూ తేల్చలేని మాటలు కావాలనే పేర్చాడని అతని చిన్ననాటి స్నేహితుడు పీట్ షాటన్ చెప్పాడు. ఇది తెలిస్తే మన పని సగం మారిపోతుంది. అర్థం వెతికేవాళ్ల కోసమే పన్నిన పాట ఇది.

మూలాలు: వాల్రస్ (పెద్ద కోరలుండే సముద్ర జంతువు) లూయిస్ క్యారల్ రాసిన “ద వాల్రస్ అండ్ ద కార్పెంటర్” కవిత నుంచి వచ్చింది. పసుపు కస్టర్డ్ లైను లివర్‌పూల్ పిల్లలు బడి ఆవరణలో పాడుకునే అసహ్యపు పాట నుంచి వచ్చింది. మనకి “వీరీ వీరీ గుమ్మడిపండు” ఎలాగో వాళ్లకి అది అలాగ, కాకపోతే బాగా కంపు కొట్టే రకం. చివరి నాటకం గొంతులు షేక్‌స్పియర్ “కింగ్ లియర్”. సెప్టెంబరు 29న మిక్సింగ్ జరుగుతుండగా బీబీసీ రేడియోలో వస్తున్నదాన్ని అలాగే కలిపేశారు. అందులో అకాల మరణం అన్న మాట వినిపించిందని దాన్ని కూడా పాల్ చావుకి క్లూగా పట్టుకున్నారు. ఆ రాత్రి రేడియోలో వేరే నాటకం వచ్చి ఉంటే ఆ క్లూయే ఉండేది కాదు.

రచయిత మాట: క్యారల్ కవితలో వాల్రస్ దుర్మార్గుడని తనకి తర్వాతే తెలిసిందని 1980లో లెనన్ చెప్పాడు. “హరే కృష్ణ” లైను, ఏదో ఒక్క విగ్రహం మీదే నమ్మకమంతా పెట్టేసేవాళ్ల మీద విసురు అని కూడా అన్నాడు.

నా ఊహ: వాల్రస్ ఎవరో కనిపెట్టడం ఈ పాటకి అర్థం కాదు. బడి, పోలీసులు, పెద్దమనుషులు, జపాలు, అన్నిటి మీదా పిల్లాడి కోపం ఇది, పిల్లల పాట భాషలోనే. సరిపోని లైన్లు నాకు ఇంకా నాలుగున్నాయి. వాటి పక్కన సున్నాలు అలాగే ఉంచాను.

ఆ తర్వాతి ఏడాది “గ్లాస్ ఆనియన్” పాటలో లెనన్ “వాల్రస్ అంటే పాలే” అని కొత్త క్లూ ఇచ్చినట్టు ఇచ్చాడు. అది కూడా ఇలా వెతికేవాళ్లని ఆటపట్టించడానికే రాశానని తర్వాత చెప్పాడు.

11. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*ప్రతిదానికీ మత్తుమందే కారణం అనడం.* కొన్ని పాటలకి అది నిజమే. “గాట్ టు గెట్ యూ ఇన్‌టు మై లైఫ్” గంజాయి గురించేనని మెకార్ట్నీ స్వయంగా చెప్పాడు, వినడానికి మాత్రం ప్రేమపాట. అంటే మీరు అనుమానించిన చోట లేకపోవచ్చు, అనుమానించని చోట ఉండొచ్చు. ప్రతి పాటకీ విడిగా ఆధారం చూడండి.

*అట్ట బొమ్మనీ, పాటనీ కలిపేయడం.* అట్ట తయారుచేసిన మనుషులు వేరు. దానికి వేరే పేజీ పెట్టుకోండి.

*ఒక పాట మీద రుజువైన సంగతిని అన్నిటికీ పూయడం.* ముగ్గురు పాటలు రాసేవాళ్లున్న బృందం ఇది, రింగో పాటలు కూడా కలిపితే నలుగురు.

*పాట నాతోనే మాట్లాడుతోంది అనుకోవడం.* ఇది కాస్త ఆగి చెప్పాల్సిన సంగతి. “హే జూడ్” తన గురించేనని లెనన్ కూడా అనుకున్నాడు. మెకార్ట్నీ దాన్ని మొదలుపెట్టింది చిన్నారి జూలియన్‌ని ఓదార్చడానికి. మంచి పాట విన్నప్పుడు అలా అనిపించడం సహజం, అది పాటకి గౌరవమే. కానీ “నాకు అలా అనిపించింది” అన్నదానికీ “నా కోసమే అలా రాశారు” అన్నదానికీ మధ్య గీత చెరిగిపోకూడదు. అమెరికాలో చార్ల్స్ మాన్సన్ అనే ముఠా నాయకుడు 1968 నాటి “వైట్ ఆల్బమ్” పాటల్లో తనకి సందేశాలున్నాయని, “హెల్టర్ స్కెల్టర్” అంటే రాబోయే జాతియుద్ధమని తన అనుచరులకి నూరిపోశాడు. 1969 ఆగస్టులో వాళ్లు లాస్ ఏంజెలిస్‌లో రెండు రాత్రుల్లో ఏడుగుర్ని చంపారు. ఒక ఇంట్లో ఫ్రిజ్ మీద ఆ పాట పేరు రక్తంతో రాశారు, అదీ తప్పు స్పెల్లింగుతో. మీ మిత్రుల్లో ఎవరైనా పాటల్లో తమకి ఆజ్ఞలు వినిపిస్తున్నాయంటే వాదన పెట్టుకోకండి. ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

12. ఏ పాటతో మొదలుపెట్టాలి

మొదటి వారం “మిస్టర్ కైట్”. పోస్టర్ బొమ్మ తేలిగ్గా దొరుకుతుంది, పోల్చి చూడడం అలవాటవుతుంది.

రెండో వారం “పెన్నీ లేన్”. మ్యాప్ తెరిచి పెట్టుకుని వినండి. ఫైర్ స్టేషన్ ఆ వీధిలో కాకుండా కాస్త దూరంలో ఎందుకుందో మీకే ప్రశ్న పుడుతుంది.

మూడో వారం “ఎ డే ఇన్ ద లైఫ్”. మధ్యలో మెకార్ట్నీ గొంతు వచ్చే చోట పేజీ మార్చి రాయండి, అది విడిగా పుట్టిన ముక్క.

నాలుగో వారం “స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్”. దీనికి రెండు వారాలు పట్టినా పర్వాలేదు. “వాల్రస్” జోలికి ఆ తర్వాతే వెళ్లండి. వెళ్లేటప్పుడు పైన పదో భాగంలో నేను రాసింది చూడకుండా, ఖాళీ పేజీతో కూర్చోండి. నేను సున్నాలు పెట్టి వదిలేసిన లైన్లు ఏవో నేను కావాలనే చెప్పలేదు.